పాడే పాట ఆరాధన కావాలంటే: బెంగళూరు తెలుగు కుటుంబాలకు, సంఘాలకు ఒక అభ్యాస పద్ధతి

బెంగళూరులో తెలుగు క్రైస్తవ ఆరాధనకు దొరికే సమయం తక్కువ. అనేక సంఘాలు మరో భాషవారి ఆరాధన ముగిసిన తరువాత అదే మందిరంలో కూడుకొంటాయి, లేదా ఏ బడి హాలునో ఆదివారం పూట అద్దెకు తీసుకొంటాయి. పాటలు, ప్రార్థనలు, వాక్యం, కానుక, దీవెన అన్నీ గంటన్నర, రెండు గంటల్లో పూర్తి కావాలి. వైట్‌ఫీల్డ్ నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో అంత దూరం ప్రయాణించి వచ్చిన కుటుంబం అయిదారు పాటలు పాడి ఇంటికి వెళ్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర, ఈరోజు పాడిన పాటల్లో ఏం చెప్పుకొన్నామని ఒకరినొకరు అడిగి చూడండి. రాగం నోట్లో ఆడుతూ ఉంటుంది, మాటలు సగమే గుర్తుకు వస్తాయి, వాటి అర్థం అంతకన్నా తక్కువ.

"ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును" అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అంటాడు. మొదటిదానికి మన ఆరాధనల్లో కొరత లేదు. ఉత్సాహం ఉంది, కన్నీళ్ళున్నాయి, చప్పట్లున్నాయి. రెండోదానికి సాధన కావాలి. ఆ సాధనను నెలకు ఒక్క పాట చొప్పున ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఇంట్లో కుటుంబ ప్రార్థన నడిపే తల్లిదండ్రులు, సంఘంలో పాటలు ఎత్తుకొనేవారు, క్వైరులో ఉన్న యువతీయువకులు, ఎవరైనా దీన్ని మొదలుపెట్టవచ్చు. ఒక పాటల పుస్తకం, ఒక బైబిలు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. సంగీత జ్ఞానం ఉంటే మేలే, లేదని ఆగనక్కరలేదు.

పాటను ఎంచుకోండి

నెలలో పాడే పాటలన్నిటిలో ఒక్కదాన్ని నేర్చుకోవలసిన పాటగా వేరుగా పెట్టండి. మిగిలినవి ఎప్పటిలాగే సాగనివ్వండి. ఎంచుకొనేటప్పుడు రాగం ఎంత బాగుందన్నది మొదట చూడకండి. ఈ పాట ఎవరితో మాట్లాడుతోంది, దేవుడు చేసిన పనిని గురించి స్పష్టంగా ఏం చెబుతోంది అన్నవి చూడండి. కొన్ని పాటలు దేవునితో నేరుగా మాట్లాడతాయి, కొన్ని పక్కనున్న విశ్వాసిని పిలుస్తాయి, మరికొన్ని పాడేవాడు తన మనసుకు తానే బుద్ధి చెప్పుకొనేవి. సంగీతాలతో, కీర్తనలతో ఒకరికొకరు బోధించుకొండని పౌలు కొలొస్సయులకు రాశాడు కాబట్టి, ఈ మూడు రకాలకూ ఆరాధనలో చోటుంది. పాట మొత్తంలో పాడేవాడి అనుభూతి తప్ప మరేమీ కనిపించకపోతే, దాన్ని నెల పొడవునా ధ్యానించడానికి సరిపడినంత సరుకు అందులో ఉండదని నా అభిప్రాయం.

మొదటి కొన్ని నెలలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నుంచి ఎంచుకోవడం మంచిది. సంప్రదాయాల మీద మోజుతో ఈ మాట చెప్పడం లేదు. ఆ పుస్తకంలోని కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి; పల్లవి, చరణాలుగా కట్టిన నిర్మాణం ఉంటుంది; ఒక చరణం నుంచి మరో చరణానికి నడిచే ఆలోచన ఉంటుంది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి వంటివారు సంస్కృతాంధ్రాలు చదువుకొని, మన కీర్తన సంప్రదాయాన్ని ఎరిగి, సిలువను గురించి, క్షమాపణను గురించి రాసిన కీర్తనలవి. నెమ్మదిగా చదివేవాడికి అవి ప్రతిఫలమిస్తాయి. ఆ అలవాటు పట్టుబడిన తరువాత నిన్న మొన్న వచ్చిన పాటలకూ ఇదే పద్ధతి వర్తింపజేయండి. వాటిలో నిలబడేవి ఏవో మీకే తెలుస్తుంది.

సంఘ క్యాలెండరు కూడా సహాయపడుతుంది. శ్రమల దినాల్లో సిలువను గురించిన కీర్తన, ఈస్టరు తరువాత పునరుత్థానాన్ని గురించినది, కోత పండుగ నెలలో కృతజ్ఞతా కీర్తన, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో నిరీక్షణను గురించినది అనుకొంటే సంవత్సరంలో మూడో వంతు ఎంపిక అక్కడే పూర్తవుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. సంవత్సరంలో కనీసం రెండు నెలలు విలాప గీతాలకు కేటాయించండి. బైబిలులోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలు, ఏడ్పులు, ఫిర్యాదులే. 13వ కీర్తనలో ఉన్నవి 6 వచనాలు. ఎన్నాళ్ళు, ఎంతవరకు అన్న ప్రశ్న మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు వినిపిస్తుంది. 88వ కీర్తన చివరి వచనం దాకా చీకటిలోనే ఉండి, చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. ఊరు విడిచి వచ్చి ఇక్కడ ఒక గదిలో ఒంటరిగా ఉంటున్న యువకుడు, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేని తండ్రి, నారాయణ హృదయాలయలోనో కిద్వాయి ఆసుపత్రిలోనో బంధువును చేర్పించి ఆదివారం ఒక్క గంట మందిరానికి వచ్చిన స్త్రీ మన మధ్య కూర్చొని ఉంటారు. అన్నీ ఉత్సాహ గీతాలే పాడితే, వారు తమ నిజమైన ప్రార్థనను బయటే వదిలి లోపలికి రావలసి వస్తుంది. అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎట్లు పాడుదుమని 137వ కీర్తన అడిగిన ప్రశ్న వలస వచ్చినవారికి వివరించనక్కరలేదు.

పాడకముందు చదవండి

మొదటి వారమంతా పాటను పాడకండి, చదవండి. కుటుంబ ప్రార్థనలో ఒకరు బిగ్గరగా చదవాలి, మిగిలినవారు వినాలి. ఈ పని విచిత్రంగా అనిపించవచ్చు గాని, రాగం తెలిసిన పాటను రాగం లేకుండా చదివినప్పుడే చాలామందికి దానిలోని మాటలు మొదటిసారి వినిపిస్తాయి.

ఆ తరువాత మన పెద్దలు పద్యం చెప్పేటప్పుడు అనుసరించిన పద్ధతినే కీర్తనకూ అనుసరించండి: ముందు తెలియని పదాలకు అర్థం, తరువాత అన్వయం, చివరికి తాత్పర్యం. ఇందులో అన్వయమే ముఖ్యం. కీర్తనకారుడు తాళం కోసం, ప్రాస కోసం మాటలను వెనకా ముందూ చేస్తాడు. పుస్తకంలో పంక్తి మధ్య కనిపించే చిన్న గీత పాట విరుపునే చూపుతుంది, భావం అక్కడ ఆగిందని చెప్పదు. కాబట్టి కర్త ఎవరు, క్రియ ఏది, ఏ అసమాపక క్రియ ఏ క్రియతో కలుస్తుంది అని వెతుక్కొని వాక్యాన్ని వచనంలా సరిచేసుకోవాలి. ఉదాహరణ కోసం నేను కూర్చిన రెండు పంక్తులు చూడండి.

కరుణ జూపుమయ్య నాపై – కలుషమెల్ల బాపి క్రీస్తూ
శరణు జొచ్చి యుంటినయ్య – మరణభయము నెడలజేసి

రాగంతో పాడుకొంటూ పోతే "శరణు జొచ్చి యుంటినయ్య, మరణభయము నెడలజేసి" అన్నవి ఒకే ఊపిరిలో వస్తాయి. అప్పుడు మరణభయాన్ని పోగొట్టుకొన్నది పాడేవాడే, పోగొట్టుకొని ధైర్యంగా వచ్చి శరణు వేడుతున్నాడు అన్న భావం కలుగుతుంది. అన్వయించి చూడండి: క్రీస్తూ, నా కలుషమెల్ల బాపి, నా మరణభయమును ఎడలజేసి నాపై కరుణ చూపుము, నేను నిన్ను శరణు చొచ్చి యున్నాను. భయాన్ని తీసివేసేవాడు క్రీస్తు, శరణు చొచ్చినవాడు ఇంకా భయంతోనే ఉన్నాడు. ఇంకా భయపడుతున్నవాడు సైతం ఈ పాటను నిజాయితీగా పాడవచ్చునన్నది అన్వయం వల్లనే తెలిసింది. ఒక అసమాపక క్రియ ఎవరిదో తెలుసుకొన్నందుకు పాట చేసే ప్రార్థనే మారిపోయింది.

ప్రతి చరణానికీ ఇలా చేసి, తాత్పర్యాన్ని మీ ఇంటి మాటల్లో ఒకటి రెండు వాక్యాలుగా నోటు పుస్తకంలో రాయండి. గుంటూరు మాటో అనంతపురం మాటో, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగే చాలు. అర్థం దొరకని పదం ఉంటే శబ్దరత్నాకరం వంటి నిఘంటువు చూడండి, లేదా సంఘంలోని పెద్దలను అడగండి. కీర్తనలు పాడి పెరిగిన ఒక అమ్మమ్మగారు ప్రతి తెలుగు సంఘంలోనూ ఉంటారు, ఆమెను అడిగేవారే లేరు.

వాక్యంతో జత చేయండి

రెండో వారం పాట వెనుక ఉన్న బైబిలు భాగాన్ని వెతకండి. మన పుస్తకంలోని కొన్ని కీర్తనలు బైబిలులోని 23వ కీర్తనకో 103వ కీర్తనకో దాదాపు అనుసరణలు; సిలువ కీర్తనలు యెషయా 53వ అధ్యాయం దగ్గరకూ, సువార్తల్లోని శ్రమల చరిత్ర దగ్గరకూ పదేపదే వెళ్తాయి; క్రీస్తు తగ్గింపును పాడేవాటి వెనుక ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం కనిపిస్తుంది. ఒక్కో చరణం పక్కన దానికి సరిపోయే వచనం సంఖ్య రాసుకోండి. ఏ చరణానికీ ఏ వచనమూ దొరకకపోతే ఆ పాటను గురించి పాస్టరు గారితో ఒకసారి మాట్లాడడం అవసరం.

ఈ వారమే పల్లవిని గురించి కూడా ఆలోచించండి. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి, ప్రతి వచనమూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తుంది. సృష్టి జరిగింది, ఆయన కృప నిరంతరముండును. సముద్రం పాయలైంది, ఆయన కృప నిరంతరముండును. ఆకలిగొన్న జీవులకు ఆహారం దొరుకుతోంది, ఆయన కృప నిరంతరముండును. మాట మారలేదు, కాని ప్రతిసారీ దానికి ముందు నిలబడిన కారణం మారింది. మన కీర్తనలో పల్లవి చేసే పని కూడా ఇదే. మొదటి చరణం తరువాత పల్లవికి తిరిగి వచ్చినప్పుడు ఆ చరణం ఇచ్చిన కారణంతో పాడాలి, మూడో చరణం తరువాత మూడోదాని కారణంతో పాడాలి. ఇంట్లో దీన్ని ఇలా సాధన చేయవచ్చు: ఒకరు చరణాన్ని చదువుతారు, అందరూ ఒక్క క్షణం ఆగుతారు, మరొకరు "అందువల్ల" అని అంటారు, అప్పుడు అందరూ కలిసి పల్లవి చెబుతారు. నాలుగు రోజులు ఇలా చేసిన పిల్లలు ఆదివారం పాడేటప్పుడు ఆ "అందువల్ల" ను మనసులో తామే అనుకొంటారు.

పల్లవిని ఆరేడుసార్లు, పదిసార్లు వరుసగా పాడించే అలవాటు ఇప్పుడు చాలా చోట్ల ఉంది. దాన్ని తప్పని అనను. చరణాలు లేకుండా పల్లవి ఒక్కటే తిరుగుతూ ఉంటే మాత్రం స్తుతికి కారణం మరుగున పడుతుంది. పదిసార్లు పాడాలనిపిస్తే మధ్యలో ఒక చరణానికి వెళ్ళి రండి.

తాళం, రాగం, శ్రుతి

మూడో వారం పాడడం మొదలుపెట్టండి, వాయిద్యం లేకుండా, చేతితో తాళం వేసుకొంటూ. పుస్తకంలో ఆది అని ఉంటే 8 అక్షరాల (తాళంలో ఒక్కో లెక్కను అక్షరం అంటారు) లెక్క: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళ లెక్క, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. రూపకానికి రెండు దెబ్బలు, ఒక విసురు వేస్తే సరిపోతుంది. చాపు అని ఉంటే సాధారణంగా అది 7 అక్షరాల మిశ్రచాపు, తకిట తకధిమి అని 3, 4 గా నడుస్తుంది. కీబోర్డులో ముందే రికార్డు చేసి ఉన్న రిథమ్ నొక్కి పాడే చోట ఈ మిశ్రచాపు కీర్తనలు ఎక్కువగా చెడిపోతాయి. 7 అక్షరాల నడకను 8 లోకో 6 లోకో లాగినప్పుడు మాటల్లో ఎక్కడో ఒక దీర్ఘం అనవసరంగా సాగుతుంది, లేదా ఒక హ్రస్వం మింగబడుతుంది. మాట చెడితే అర్థం చెడుతుంది. ఆ రిథమ్ ఆపివేసి, డోలక్ గాని తబలా గాని వాయించే ఒకరిని 7 లెక్కలో వాయించమనండి. ఎవరూ లేకపోతే చప్పట్లే చాలు.

రాగం విషయంలో అంత లోతుకు పోనక్కరలేదు. శంకరాభరణంలో ఉన్న స్వరాలు, పాశ్చాత్య సంగీతం నేర్చుకొన్న మీ కీబోర్డు వాద్యకారుడు మేజర్ స్కేల్ అని పిలిచే స్వరాలు ఒకటే కాబట్టి ఆ కీర్తనలు అతనికి సులభంగా అందుతాయి. మోహనంలో స రి గ ప ద అనే అయిదు స్వరాలే ఉంటాయి కాబట్టి పిల్లలు త్వరగా పట్టుకొంటారు. ముఖారి, ఆనందభైరవి వంటివి గమకాల మీద, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు మీద బతికే రాగాలు. వాటికి కీబోర్డు మీద కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) వేయడం మాని, ఆధార శ్రుతి మాత్రం పట్టి ఉంచి గొంతులకు వదిలేయడం మంచిది.

ఒకే కీర్తనకు రెండు మూడు వరుసలు (బాణీలు) ఉండడం బెంగళూరు సంఘాల్లో తప్పదు. కోస్తా నుంచి వచ్చినవారు ఒక వరుసలో, రాయలసీమ నుంచి వచ్చినవారు మరో వరుసలో, తెలంగాణవారు ఇంకో వరుసలో నేర్చుకొని ఉంటారు, ప్రతివారికీ తమ ఊరి మందిరంలో విన్నదే అసలైనదనిపిస్తుంది. క్వైరు అభ్యాసానికి ముందే ఆయా వరుసలు తెలిసిన పెద్దలను పిలిపించి అన్నీ వినండి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. ఆ తరువాత మాటలను తక్కువగా విరిచే వరుస ఏదో చూసి దాన్ని సంఘానికి ఎంచుకోండి. మిగిలిన వరుసల్లో ఒకటి స్త్రీల కూడికలోనో ఉపవాస ప్రార్థనలోనో పాడించండి. ఎవరి చిన్ననాటి వరుసనూ తప్పని అనకండి.

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం, చిన్న పనిలా కనిపిస్తుంది గాని, సంఘం పాడుతుందా వింటూ కూర్చొంటుందా అన్నది చాలావరకు దాని మీదనే ఆధారపడుతుంది. శ్రుతి ఒకటి అంటే కీబోర్డు మీద సి, రెండు అంటే డి, అయిదు అంటే జి. సాధన లేని గొంతులు ఇబ్బంది లేకుండా అందుకొనే పై హద్దు పై డి, మహా అయితే ఇ. శంకరాభరణంలో పై గాంధారం (గ) దాకా ఎక్కే చరణం ఉన్న కీర్తనను రెండు శ్రుతిలో ఎత్తుకొంటే ఆ గాంధారం ఎఫ్ షార్ప్ అవుతుంది, సంఘంలో సగంమంది అక్కడ నోరు మూసుకొంటారు. ఆరు శ్రుతికి, అంటే కింది ఎ కు దించితే, అదే గాంధారం సి షార్ప్ దగ్గర నిలుస్తుంది. నాయకుడి గొంతు ఎక్కడ బాగా మెరుస్తుందో అక్కడ శ్రుతి పెట్టడం కచేరీకి తగిన నియమం. ఆరాధనలో శ్రుతిని వెనుక వరుసలో కూర్చొన్నవారి కోసం పెట్టాలి.

తెలుగు చదవలేని పిల్లల కోసం

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వారి కోసం తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట వేస్తున్నారు. అత్యవసరానికి అది పనికివస్తుంది గాని, ఆ అక్షరాల్లో హ్రస్వ దీర్ఘాల తేడా, ల, ళ అక్షరాల తేడా, న, ణ అక్షరాల తేడా నిలవవు. పిల్లవాడు ధ్వనిని పలుకుతాడు, మాటను పలకడు. ఈ ఊరిలో మనకు మరో దారి ఉంది. బడిలో కన్నడం నేర్చుకొంటున్న పిల్లలకు తెలుగు లిపి దాదాపు చేతికందే దూరంలో ఉంది. గ, ద, న, బ, మ, ర, ల వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ చాలా దగ్గరగా ఉంటాయి. తలకట్టు ఆకారం, క, త, శ వంటి కొన్ని అక్షరాలు వేరుగా నేర్పితే చాలు. సండే స్కూలులో ఒక నెల కీర్తననే వాచకంగా పెట్టి, తరగతికి ఒక చరణం చొప్పున అక్షరాలు గుర్తుపట్టించండి. అప్పటికే నోటికి వచ్చిన పాటను చదవడం కాబట్టి పిల్లలు త్వరగా ముందుకు పోతారు.

కన్నడం కూడా రాని చిన్నపిల్లలకు ఇంట్లో తాత్పర్యం చెప్పి, ఆ చరణానికి ఒక బొమ్మ గీయమనండి. గీసిన బొమ్మను బట్టి వారికి ఏం అర్థమైందో మీకు తెలుస్తుంది.

ఆదివారం ఆరాధనలో

నాలుగో వారానికి పాటను సంఘంలోకి తీసుకురండి. పాట ఎక్కడ పెడుతున్నామన్నది ముందుగా పాస్టరు గారితో మాట్లాడి నిశ్చయించుకోవాలి. పాప ఒప్పుకోలు దగ్గర పాడవలసిన కీర్తనను కానుక పట్టేటప్పుడు పాడితే, సంచి కోసం, చిల్లర కోసం చూస్తున్న సమయంలో అది వృథా అవుతుంది. యేసు శిష్యులతో పస్కా భోజనం ముగించిన తరువాత "అంతట వారు కీర్తన పాడి ఒలీవలకొండకు వెళ్లిరి" అని మత్తయి సువార్త 26వ అధ్యాయంలో ఉంది. పస్కా వేళ యూదులు పాడే 113 నుంచి 118 వరకున్న కీర్తనల్లో చివరివి అప్పుడు పాడి ఉంటారని చాలామంది పండితులు భావిస్తారు. తనను పట్టుకోబోతున్న రాత్రి ప్రభువు పాడాడు. ప్రభు భోజన సంస్కారం జరిగే ఆదివారం, బల్ల దగ్గర నుంచి తిరిగి వచ్చినవారు సిలువ కీర్తన పాడేటప్పుడు ఈ వచనాన్ని ముందుగా చదివితే వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

పాటకు ముందు నాయకుడు రెండు వాక్యాలే చెప్పాలి: ఈ పాట ఏ వాక్యభాగం మీద నిలిచింది, ఇప్పుడు ఎవరితో మాట్లాడబోతున్నాం. చరణాల మధ్య మాట్లాడకూడదు. చరణాలు వదిలివేయకూడదు. సమయం లేదని మొదటి రెండు, చివరిది పాడి ముగించడం మనకు బాగా అలవాటైంది. కాని పాపంతో మొదలై సిలువ దగ్గరకు వచ్చి క్షమాపణతో ముగిసే కీర్తనలో మధ్య చరణాలు తీసివేస్తే సిలువనే తీసివేసినట్లవుతుంది. సమయం నిజంగా తక్కువగా ఉంటే ఇంకో పాటను పూర్తిగా మానుకొని దీన్ని పూర్తిగా పాడండి.

శబ్దం సంగతి కూడా చూడాలి. ఒక చరణంలో వాయిద్యాలన్నీ ఆపించి సంఘం గొంతు వినండి. వినిపించకపోతే, అంతవరకు పాడింది మైకు దగ్గర నిలబడ్డ నలుగురేనని అర్థం. స్పీకర్ల శబ్దం తగ్గించి, క్వైరును పక్కకు జరిపి, మళ్ళీ ప్రయత్నించండి. అద్దె హాళ్ళలో, అపార్టుమెంట్ల మధ్య జరిగే గృహ కూడికల్లో ఇది పొరుగువారికి చూపవలసిన మర్యాద కూడా; 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించకూడదు, రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఇక సంఘమంతా పాడడం విషయానికి వస్తే, ఆరాధనలో ప్రజలు ఎరుకతో, చురుకుగా, సంపూర్ణంగా పాల్గొనాలని 1963లో కతోలికుల రెండో వాటికన్ మహాసభ తన ఆరాధన శాసనంలో కోరింది. ఆ దారిలోనే 1967లో బెంగళూరులో మొదలైన కతోలికుల జాతీయ బైబిలు, ధర్మబోధన, ఆరాధన కేంద్రం దేశీయ సంగీతాన్ని, భంగిమలను ఆరాధనలోకి తీసుకొనివచ్చే కృషి చేసింది. ప్రజలంతా పాల్గొనాలన్న ఆ కోరిక న్యాయమైనదని ఏ సంఘంవారైనా ఒప్పుకొంటారు.

సంగీతం బాగుండడం వల్లనే ఒక చిక్కు వస్తుందని కూడా తెలిసి ఉండాలి. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీను తన ఆత్మకథ పదో భాగంలో దీన్ని దాచుకోకుండా రాశాడు. తాను విశ్వాసంలోకి వచ్చిన రోజుల్లో మందిరంలోని పాటలు తనను ఏడిపించాయని తలచుకొని, సంగీతాన్ని మందిరంలో ఉంచడమే మేలని ఒప్పుకొంటాడు. అయితే పాడిన విషయం కన్నా పాడిన తీరే తనను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపం చేసినట్లే భావిస్తానని కూడా అంటాడు. పాటలు నడిపించేవారు ప్రతి ఆరాధన తరువాత ఈ ప్రశ్న తమను తాము వేసుకోవడం మంచిది. పాట ముగిసిన వెంటనే కీబోర్డు మరో పాటలోకి జారిపోకుండా, కొద్దిసేపు అంతా నిశ్శబ్దంగా ఉండే ఏర్పాటు చేస్తే వినేవారికీ ఆ ప్రశ్నకు సమయం దొరుకుతుంది.

వారం మధ్యలో

మందిరంలో పాడిన పాట అక్కడే ఆగిపోకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కదలని సమయంలో రికార్డింగు వినకుండా, జ్ఞాపకం నుంచి ఒక చరణం మనసులో చెప్పుకోండి; ఎక్కడ ఆగిపోయారో అది ఇంటికి వెళ్ళాక చదవండి. రోగిని చూడడానికి వెళ్ళినప్పుడు కొత్త పాట ఎత్తుకోకుండా రోగికి తెలిసిన కీర్తనను, ఒకే చరణం, చిన్న గొంతుతో పాడండి. పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడినప్పుడు వారి ముందు పుస్తకం లేదు, ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతోంది. కంఠస్థం చేయడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనిపించదు.

పాట అర్థమైందా లేదా అన్నది మాటల పరీక్షతో పూర్తిగా తేలదు. ఆమోసు గ్రంథం 5వ అధ్యాయంలో దేవుడు మీ పాటల ధ్వని నా యొద్దనుండి తొలగించండని, న్యాయం నీళ్ళలా పారనివ్వండని అంటాడు. కాబట్టి నెలాఖరున కుటుంబంగా కూర్చొన్నప్పుడు ఒక పని నిర్ణయించుకోండి. క్షమాపణ కీర్తన నేర్చుకొన్న నెలలో మాటలు లేకుండా ఉన్న ఒక బంధువుకు ఫోను చేయండి. కోత పండుగ కీర్తన నేర్చుకొన్న నెలలో ఇంటి పనికి వచ్చే ఆమెకు ఇవ్వవలసిన బాకీ ఏదైనా ఉంటే తీర్చండి. నోటు పుస్తకంలో తాత్పర్యం కింద ఆ పని కూడా రాసుకోండి.

ఈ ఊరిలో కుటుంబాలు తరచుగా మారిపోతుంటాయి; ఉద్యోగం హైదరాబాదుకో విదేశానికో తీసుకొనిపోతుంది. అందువల్ల సంఘం తరఫున ఒక ప్రతిని వేరుగా ఉంచి, నేర్చుకొన్న ప్రతి కీర్తనకు పాఠం, తాత్పర్యం, వచనాల సంఖ్యలు, తాళం, ఎంచుకొన్న శ్రుతి, వరుస రికార్డింగు ఉన్న చోటు వివరంగా రాసిపెట్టండి. ఆ బాధ్యత ఇద్దరికి అప్పగించండి, ఒకరు ఊరు మారినా రెండోవారు కొనసాగిస్తారు. కొత్తగా చేరిన కుటుంబానికి మొదటి నెలలోనే దాని నకలు ఇచ్చి, వారి ఊరిలో పాడే కీర్తన ఒకటి అడిగి తెలుసుకొని, రాబోయే నెలల జాబితాలో చేర్చండి.